ట్యూబ్ పోయిందని చెప్పే ముందు

శుక్రవారం, ఫిబ్రవరి 21. తిమ్మాజిపేట, బుచ్చిరెడ్డి ఇంటి వసారా. హాజరైనవారు: ఇంటి యజమాని బుచ్చిరెడ్డి; ఆయన భార్య అనసూయమ్మ; బిజినేపల్లి నుంచి ట్రాలీ ఆటోలో వీడియో గేమ్ పెట్టె తెచ్చిన దేవదానం; అతని భార్య సుందరమ్మ; నేను.

నేను టీవీ మెకానిక్‌ని. గద్వాలలో పని నేర్చుకున్నాను, నాగర్‌కర్నూలులో జీతానికి చేశాను, వనపర్తిలో సొంత దుకాణం నడిపి వయసు మీద పడ్డాక మూసేశాను. ఎవరింట్లోనైనా సెట్టు వెనక మూత విప్పే ముందు తేదీ, అక్కడున్నవాళ్ల పేర్లు డైరీలో రాసుకోవడం నా అలవాటు. మిగతా మెకానిక్కులు నవ్వేవారు. పంచాయతీ తీర్మానం రాస్తున్నావా అనేవారు. నవ్వనివ్వండి. మా వృత్తిలో పెద్ద అబద్ధాలన్నీ యజమాని పక్కన లేనప్పుడు విప్పిన మూతల వెనకే పుట్టాయి. యజమాని చూస్తుండగా విప్పాలి, చూస్తుండగా కొలవాలి, అక్కడే నిలబడి చెప్పాలి. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్లకు నేను చెప్పదలచిన మాట ఇదొక్కటే. మిగిలినదంతా ఈ మాట ఎందుకు చెబుతున్నానో చెప్పడానికే.

కోపంగా రాస్తున్నాను. చల్లారాక రాద్దామని ఆగి చూశాను. చల్లారలేదు.

తుపాకి ఉన్న పెట్టె

దేవదానం, సుందరమ్మ పెళ్లయినప్పటి నుంచి కూలీలను తీసుకుపోయే మేస్త్రీల వెంట పుణె, ముంబై పోయి కట్టుబడి పనులు చేసినవాళ్లు. ఒకచోట పరంజా మీద నుంచి పడి దేవదానం నడుము దెబ్బతిన్నది. బరువు మోయలేడు, ఎక్కువసేపు వంగలేడు. తిరిగి వచ్చేటప్పుడు, మూసేస్తున్న ఒక ఆటల దుకాణం వాళ్లు పారేయబోతున్న వీడియో గేమ్ పెట్టెను వెంట తెచ్చుకున్నాడు. అల్మారా అంత ఎత్తు, ముందు అద్దం, గొలుసుతో కట్టిన ప్లాస్టిక్ తుపాకి. తెర మీద పిట్టలు ఎగురుతాయి, సీసాలు వరుసగా నిలబడతాయి. సరిగ్గా గురిపెట్టి కాలిస్తే పడతాయి. శనివారం పెబ్బేరు సంతలో, మిగతా రోజుల్లో జాతరల్లో పెడతాడు. పిల్లలే ఆడతారని అనుకునేవాణ్ణి. కాదు. ఎడ్లు అమ్మడానికి వచ్చి బేరం కుదరని రైతులే ఎక్కువ కాలుస్తారట. ఆ కసి ఎక్కడో తీరాలి కదా.

ఈ పెట్టె వల్లే సుందరమ్మ మళ్లీ వలస పోకుండా ఇంటి దగ్గర ఉంది. పెట్టె ఆగిపోయింది. పనికి మనిషి కావాలని మేస్త్రీ కబురు పెట్టాడు. ఆదివారం బండి వస్తుందన్నాడు.

వాళ్ల చర్చిలో మైకు సెట్టు ఎప్పుడూ నేనే చూసేవాణ్ణి. అందుకని ఇద్దరూ వనపర్తిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు.

"శనివారం పెట్టె నడిస్తె ఉంట సార్, లేకుంటె మేస్త్రీ ఎంబడి పోత," అంది సుందరమ్మ. "నాకు పనికి భయం లేదు. ఈయననే ఇడిసిపెట్టి పోవుడు. నడుముకు కాపడం ఎవలు వెడ్తరు?"

"నేనే పెట్టుకుంట తియ్యి," అన్నాడు దేవదానం.

"ఎట్ల పెట్టుకుంటవ్? నీకు ఎనక గూడ చేతులున్నయా?"

ఇదీ సంగతి. తెర వెలగాలి, తుపాకి పని చెయ్యాలి. లేకపోతే సుందరమ్మ పోతుంది.

పెట్టె ఎలా పాడైందో అడిగాను. బొమ్మ పోతూ వస్తూ ఉండేదట. పక్కన చేత్తో తడితే వచ్చేదట. తడితే వచ్చే బొమ్మకు జబ్బు సాధారణంగా చిన్నదే. ఎక్కడో అతుకు వేసిన సోల్డర్ పగిలి ఉంటుంది. నాగర్‌కర్నూలులో ఒక కుర్రవాడి దుకాణానికి తీసుకుపోతే అతను పెట్టె విప్పి, ట్యూబ్ పోయిందని చెప్పి, దాన్ని తీసేసి, పాత ఎల్‌సీడీ పలక ఒకటి బిగించాడు. మధ్యలో చిన్న బోర్డు పెట్టాడు. బొమ్మ వచ్చింది. తుపాకి మాత్రం ఎంత కాల్చినా పిట్ట పడలేదు. అప్పుడు, తుపాకి కూడా పోయిందన్నాడు.

నేను ఆ దుకాణానికి పోయాను. అతని పేరు శ్రీకాంత్. మర్యాదస్తుడే, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"తుపాకి పోలేదు బాబూ," అన్నాను. "దాని మూతిలో ఒక కన్నుంటది. పాత ట్యూబ్ మీద వెలుగు ఒక్కొక్క గీతగా పైనుంచి కిందికి ఉరుకుతది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఆ వెలుగు తన ముందట నుంచి ఎప్పుడు పోయిందో ఆ కన్ను చూసి చెప్తది. దాన్ని బట్టే పిట్టకు తగిలిందా లేదా అనేది. నువ్వు పెట్టిన పలకలో గా ఉరుకుడు లేదు. ఇగ కన్ను ఏం చూస్తది?"

"గట్లనా అంకుల్? నాకు తెల్వదు. ఫోన్ల వీడియో చూసి చేసిన."

"ట్యూబ్ తీసేటప్పుడు ఛార్జి తీసినవా?"

"ఛార్జేంది? స్విచ్ బంద్ చేసిన గదా."

స్విచ్ ఆపినా పిక్చర్ ట్యూబ్ తన కడుపులో కరెంటు దాచుకుని కూర్చుంటుంది. ఆ కుర్రవాడు బతికి బట్టకట్టడం అతని తెలివి కాదు, అదృష్టం.

తీసిన ట్యూబ్ దుకాణం వెనక గోడకు ఆనించి ఉంది. మెడలో సన్నని పగులు. మెడ లోపల అద్దం మీద వెండి పూతలా మెరవాల్సిన మచ్చ పాలలా తెల్లబడి ఉంది. గాలి లోపలికి పోతే అలా తెల్లబడుతుంది.

"ఇది ఎట్లయింది?"

"ఎనక ప్లగ్గు గట్టిగుండె అంకుల్. జర అటిటు ఊపిన. సుయ్‌మన్నది."

ఆ సుయ్‌మన్న చప్పుడే దాని ప్రాణం. అంతవరకూ బతికే ఉన్న ట్యూబును పక్కకు ఊపి విరిచి, ఆ తర్వాత పోయిందన్నాడు. మాట తప్పు కాదు. పోగొట్టింది తనేనని అతనికి తెలియకపోవడమే నన్ను మండించింది. అతని మీద కంటే ఎక్కువ కోపం నాకు మా తరం మీద వచ్చింది. ఊరికి నలుగురు మెకానిక్కులం ఉండి, దుకాణాలు మూసుకుని ఇళ్లలో కూర్చున్నాం. నేర్పమని ఎవరూ రాలేదని చెప్పుకుంటున్నాం. ఇతను ఫోను దగ్గరికి కాక ఎవరి దగ్గరికి పోతాడు?

సుత్తి దెబ్బ

అదే సైజు టీవీ ట్యూబ్ దొరికితే పెట్టెలో కూర్చోబెట్టవచ్చు. గేమ్ పెట్టెలో ఉండే ట్యూబుకూ ఇంట్లో టీవీ ట్యూబుకూ పుట్టుకలో భేదం లేదు. రెండింటిలోనూ అదే గాజు, మెడలో అదే ఎలక్ట్రాన్ గన్, అదే వెలుగు. మెడ లావు, వెనక ముళ్ల అమరిక, లోపలి హీటర్‌కు కావాల్సిన కరెంటు, చుట్టూ ఉండే కాయిల్ కొలత కలిస్తే చాలు.

వనపర్తిలో, నాగర్‌కర్నూలులో పాత సామాను దుకాణాలన్నీ తిరిగాను. టీవీలు గుట్టలుగా ఉన్నాయి. ఒక్కదానికీ మెడ లేదు. చుట్టూ ఉన్న రాగి కాయిల్ కోసం మెడ మీద సుత్తితో ఒక్క దెబ్బ వేస్తారు. గుప్పెడు రాగి. దాని కోసం ఇంకా ఎన్నో ఏళ్లు వెలగగల గాజును, విషం ఉన్న పొడితో సహా, మట్టిలో పోస్తారు. ఒక దుకాణంలో నా కళ్ల ముందే సుత్తి ఎత్తాడు.

"ఆగయ్యా, అది మంచిగున్నదేమో చూడనియ్యి," అన్నాను.

"మంచిగుంటె ఇక్కడికెందుకొస్తది పెద్దాయనా?" అని దెబ్బ వేశాడు.

మంచిగా ఉన్నది అక్కడికి ఎందుకు వస్తుందో నాకు బాగా తెలుసు. పోయిందని ఎవడో చెప్పాడు కాబట్టి వస్తుంది.

గద్వాల సేటు

పని నేర్పినవాణ్ణి తిట్టకూడదంటారు. నేర్పిన పనికి కృతజ్ఞత ఉంది. చేసిన పనికి లేదు.

మా సేటుది గద్వాలలో పెద్ద దుకాణం. గాజు కౌంటరు, అగరుబత్తి వాసన, గోడ నిండా కొత్త టీవీలు. మగ్గాలు ఆపి నేతవాళ్లు టీవీలను గుడ్డలో చుట్టి పసిపిల్లల్ని తెచ్చినట్టు తెచ్చేవారు. సేటు మూత కూడా విప్పకుండా తెర మీద వేలితో కొట్టి, పెదవి విరిచేవాడు. "ట్యూబ్ పోయింది." ఆ మాటకు ఎదురు లేదు. టీవీలో అన్నిటికంటే ఖరీదైనది ట్యూబే కాబట్టి, అది పోయిందంటే టీవీయే పోయినట్టు. ఇంకొకటి కొనాలి. పాతది సేటు దగ్గరే ఉండిపోతుంది. మేము వెనక గదిలో దానికి చిటికెడు సోల్డర్ పెట్టి వెలిగించేవాళ్లం. సేటు దాన్ని ఇంకొక ఊరివాడికి అమ్మేవాడు.

మాతో పనిచేసిన మాణిక్యం అనే అతనికి ఒక రోజు, ఛార్జి తీయని ట్యూబ్ చేతికి తగిలింది. ఛార్జి తీయాలని మాకెవరూ చెప్పలేదు. కొత్తవాళ్లకు ఆ దెబ్బ తగలడం దుకాణంలో ఒక వేడుక. సేటు కూడా నవ్వేవాడు. మాణిక్యం చెయ్యి విదిలించుకుని వెనక్కి పడ్డాడు. మోచెయ్యి అద్దాల అల్మారాలో దూరింది. నెత్తురు ధారగా కారుతుంటే సేటు లోపలికి వచ్చి అడిగిన మొదటి మాట: "సెట్టు మంచిగున్నదా?" దవాఖానకు మేమే ఎత్తుకుపోయాం. మాణిక్యం మూడు వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. స్క్రూడ్రైవర్ పట్టలేని మెకానిక్‌ను సేటు మర్నాడే పంపేశాడు.

వృత్తి అంటే గౌరవం అని ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు ఇలాంటివి కూడా చెప్పాలి.

సేటు నాగర్‌కర్నూలులో రెండో దుకాణం తెరిచి నన్ను అక్కడ పెట్టాడు. అక్కడికే తిమ్మాజిపేట నుంచి బుచ్చిరెడ్డి, అనసూయమ్మ తమ రంగుల టీవీ తెచ్చారు. ఆ రోజు సేటు కూడా ఉన్నాడు. సేటు తెర మీద వేలితో కొట్టే లోపే నేను మూత విప్పి మీటరు పెట్టాను. ట్యూబ్ హీటర్ తీగ నిక్షేపంగా ఉంది. "ట్యూబ్ మంచిగున్నది, ఎక్కడో సోల్డర్ పగిలింది," అని బుచ్చిరెడ్డికే చెప్పాను.

సేటు నవ్వాడు. "నిన్న మొన్న స్క్రూడ్రైవర్ పట్టుడు నేర్చుకున్నోడు. వీనికేం తెల్సు రెడ్డిగారూ? ట్యూబ్ పోయింది."

బుచ్చిరెడ్డి ఇద్దరినీ చూశాడు. ఒకడికి గాజు కౌంటరు ఉంది, ఇంకొకడి చొక్కాకు మసి ఉంది. సేటు మాట నమ్మాడు. కొత్త టీవీ కొన్నాడు. అయితే మొండివాడు కాబట్టి పాతది మాత్రం దుకాణంలో వదలకుండా వెనక్కి తీసుకుపోయాడు. నేను ఆ వారమే పని మానేసి వనపర్తిలో చిన్న గది తీసుకున్నాను.

తర్వాత చాలా ఏళ్లకు ఆయన ఇంటికి ఇంకో పని మీద పోతే, పాత టీవీ ముందు గదిలో స్టూలులా ఉంది. దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ, గుడ్డ మీద కొత్త టీవీ. ఒకసారి చూస్తానన్నాను. "పోయినదాంతోని ఏం పని?" అన్నాడు. మొన్నటికి ఆ గుడ్డ మీద సన్నని పలక టీవీ వచ్చింది. కింది టీవీ అలాగే ఉంది.

మెడ విరగని ట్యూబ్ ఈ చుట్టుపక్కల నాకు తెలిసినంతలో అదొక్కటే.

వసారాలో

పెట్టెను ట్రాలీ ఆటోలోనే తిమ్మాజిపేటకు తీసుకుపోయాం. సంగతి చెబితే బుచ్చిరెడ్డి పెద్ద మనసు చేశాడు.

"తీస్కపో రాజయ్యా. లోపలి సామానంత తీస్కపో. డబ్బా మాత్రం నాకుంచు. దీన్ని పెట్టుకోనీకె కావాలె," అని పలక టీవీ చూపించాడు.

దేవదానం వెంటనే పెట్టె తాళ్లు విప్పబోయాడు. నేను ఆపాను. ట్యూబ్ తీసే ముందు యజమానికి చూపాలి. బాగున్నదో లేదో ఆయన కళ్లతో చూశాకే తీసుకోవాలి. అది నా పద్ధతి. పాత టీవీని వసారాలోకి దించి, పేర్లు రాసుకుని, మూత విప్పాను. దుమ్ము, సాలెగూళ్లు, బల్లి గుడ్ల పెంకులు. బ్రష్‌తో దులిపి, ట్యూబ్ వెనక రెండు ముళ్ల మీద మీటరు పెట్టాను. బీప్‌మంది.

"రెడ్డిగారూ, ఇన్నరా? తీగ తెగలేదు."

హీటర్ తీగ బాగుంటే ట్యూబ్ బతికి ఉన్నట్టేనని ఆయనకు అర్థం కాలేదు. హీటర్‌కు కరెంటు పోయే దారిలో బోర్డులో దిగిన ఒక లోహపు కాలు చుట్టూ వెంట్రుక మందాన పగులు ఉంది. భూతద్దంతో ఆయనకే చూపించి, అక్కడ సోల్డర్ పెట్టాను. ఉబ్బిపోయిన కెపాసిటర్ ఒకటి మార్చాను. ఏళ్ల తరబడి పడుకున్న సెట్టుకు నేరుగా కరెంటు ఇవ్వకూడదు. నా సంచిలో ఎప్పుడూ ఉండే బల్బు బోర్డును ప్లగ్గుకూ సెట్టుకూ మధ్యలో పెట్టి ఇచ్చాను. బల్బు భగ్గున వెలిగి, నెమ్మదిగా మసకబారింది. లోపల షార్టు లేదన్నమాట. ట్యూబ్ మెడలో నారింజ రంగు వెలుగు పుట్టింది.

పలక టీవీ డిష్ పెట్టె తీగలు దీనికి కలిపాను. మొదట సన్నని గీత, తర్వాత వణుకుతూ బొమ్మ, తర్వాత ఎర్ర చీరలో వార్తలు చదువుతున్న ఆమె. ఆ ఎరుపు పక్కనున్న పలక టీవీలో లేదు.



"అంటె ఇది మంచిగనే ఉండెనా?" అన్నాడు బుచ్చిరెడ్డి.

"మంచిగనే ఉండె."

"ఆ దినం గూడ?"

"ఆ దినం గూడ."

"గా సేటుగాడు ఏడున్నడిప్పుడు?"

"చనిపోయిండు."

"సచ్చిండా!" బుచ్చిరెడ్డి అరుగు మీద చేత్తో కొట్టాడు. "మరి నేనెవన్ని తిట్టాలె ఇప్పుడు?"

లేచి, టీవీ ముందు అడ్డంగా నిలబడ్డాడు.

"రాజయ్యా, ఇది నేనియ్య. ఇన్నేండ్లు మోసపోయిన. నా టీవీ నడుస్తుంది. నడిసేదాన్ని ఎవలన్న ఇస్తరా?"

దేవదానం "పోనియ్యి సార్, ఆయన సొత్తు," అని పెట్టెకు మళ్లీ తాళ్లు కట్టడం మొదలుపెట్టాడు. నడుము పట్టుకుని వంగుతున్నాడు. సుందరమ్మకు మాత్రం ఓపిక అయిపోయింది.

"పటేలా, ఇన్నొద్దులు పీట చేసి కూసోవెడ్తివి. గిప్పుడు మాట్లాడింది అనంగనె గావురం పుట్టుకొచ్చిందా?"

"ఏం మాట్లాడుతున్నవ్? నా ఇంట్ల నిలవడి నన్నే అంటవా?"

"అనక? రేపు పొద్దుగాల పెబ్బేరుల ఇది నడవకుంటె ఎల్లుండి నేను పుణె బండి ఎక్కాలె. నువ్వేమో రెండు టీవీలల్ల ఒక్క వార్తలే సూస్కుంట కూసుంటవ్."

తర్వాత నలుగురు నాతో అన్నారు: చూపించకుండా తీసుకుని వస్తే అయిపోయేది కదా, ఆయన ఇస్తానన్నాడు కదా, ఎందుకు వెలిగించావు, చేతికి వచ్చింది పోగొట్టావు. వాళ్లకు నా జవాబు ఇది. బాగున్నదాన్ని పోయిందని నమ్ముతున్నవాడి దగ్గర, ఆ నమ్మకం చెదరకుండా తీసుకుపోవడమే సేటు చేసిన పని. ఎవరి మంచి కోసం తీసుకుపోయినా అది అదే పని. సేటు తన కడుపు కోసం చేశాడు, నేను దేవదానం కడుపు కోసం చేస్తే తేడా లేదు. ఇయ్యనని చెప్పే హక్కు ఆయనకు రావాలంటే, ముందు అది వెలగాలి. వెలిగించాను. ఆయన ఇయ్యనన్నాడు. అప్పుడు నాకు వచ్చిన కోపం ఆయన మీద కాదు.

అప్పటిదాకా గడప దగ్గర నిలబడి ఉన్న అనసూయమ్మ అప్పుడు నోరు తెరిచింది.

"ఆ దినం దుకాణంల నేనేమన్న?"

బుచ్చిరెడ్డి భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు.

"గా పిలగాడు మంచిగున్నదంటుండు, ఇంకో తాన సూపియ్యిరాదు అన్న. సప్పుడు చెయ్యకు, నీకేం తెల్సు అన్నవ్. గద్దెనెక్కి కూసున్నోని మాట ఇన్నవ్." ఆమె నా వైపు చెయ్యి చూపింది. "గా పిలగాడు ఈయననే. గిప్పుడన్న ఇను."

"ఇప్పుడు ఈయన ఏం చెప్పిండు? ఏం చెప్పలే గదా."

"చెప్పలే. సూపిచ్చిండు."

ఆమె లోపలికి పోయి, టీవీ మీద పరిచే ఆ కుట్టుపని గుడ్డను దులిపి, మడిచి తెచ్చింది. దేవదానం పెట్టె మీద పెట్టింది. "దుమ్ము వడకుండ కప్పు," అంది అతనితో.

బుచ్చిరెడ్డి చాలాసేపు ఎర్ర చీర ఆమెనే చూశాడు. వార్తలయ్యాయి, ప్రకటనలు వచ్చాయి. అప్పుడు తనే వంగి ప్లగ్గు తీశాడు.

"రేపు నేను పెబ్బేరు వస్త. అది నడుస్తదో లేదో నా కండ్లతోని సూస్త. ఇగ ఎవలు చెప్పినా నమ్మ."

మార్పిడి

ఇక పని. ఇది రాసింది చదివి ఒంటరిగా చేయకండి. తెలిసినవాడి పక్కన నిలబడి ఒకసారి చూసి, రెండోసారి అతను చూస్తుండగా చేయండి.

ప్లగ్గు తీసి మీ జేబులో పెట్టుకోండి. పొడుగు స్క్రూడ్రైవర్‌కు తీగ కట్టి, ఆ తీగ రెండో కొసను ట్యూబ్ వెనక చుట్టి ఉండే అల్లిక తీగకు బిగించండి. అప్పుడు స్క్రూడ్రైవర్ కొనను ట్యూబ్ పైన ఉండే రబ్బరు టోపీ కిందికి తోయండి. చట్‌మంటుంది. కొంచెం ఆగి మళ్లీ చేయండి. ట్యూబ్ మొదటిసారే ఛార్జి మొత్తం వదలదు. ఇంకొక చెయ్యి వెనక పెట్టుకోండి. మాణిక్యం వేళ్లు గుర్తుంచుకోండి.

ట్యూబును ముఖం దగ్గర పట్టుకుని ఎత్తాలి, మెడ దగ్గర ఎప్పుడూ వద్దు. మెడ వెనక ప్లగ్గు గట్టిగా ఉంటే నేరుగా వెనక్కి లాగాలి. ఊపకూడదు. శ్రీకాంత్ ఊపాడు.

పెట్టె కాయిల్‌ను శ్రీకాంత్ పక్కన పడేసి ఉంచాడు, నయం; వెంట తెచ్చుకున్నాను. దాన్ని మీటరుతో కొలిచి, టీవీ కాయిల్‌తో పోల్చాను. వెలుగును అడ్డంగా తిప్పే చుట్ట కలిసింది. నిలువు తిప్పేది కొంచెం తేడా. అది సర్దుకోదగ్గదే. కాబట్టి టీవీ ట్యూబును దాని సొంత కాయిల్‌తోనే కదపకుండా ఉంచాను. దాని చుట్టూ ఫ్యాక్టరీలో అంటించిన రబ్బరు ముక్కలు కదిలితే మూడు రంగులు మూడు దారులు పట్టిపోతాయి, మళ్లీ కలపడానికి మంచి కళ్లు, ఓపిక కావాలి. నా కళ్లు ఇప్పుడు అంత మంచివి కావు.

పెట్టెలో మరలు సరిగ్గా కూర్చోకపోతే దేవదానం చెక్క ముక్కలు చెక్కి పెట్టాడు. అసలు జబ్బు, బొమ్మ పోతూ వస్తూ ఉండడానికి కారణం, నేను అనుకున్న చోటే దొరికింది. సోల్డర్ పగులు. టీవీలో దొరికిందీ పెట్టెలో దొరికిందీ ఒకే జబ్బు. ఒకదానికి సేటు, ఇంకొకదానికి శ్రీకాంత్ ఒకే పేరు పెట్టారు.

కరెంటు ఇవ్వగానే సుందరమ్మ కేక వేసింది. "సార్, పిట్టలు తలకిందులు ఎగురుతున్నయ్!"

"నా టీవీ గదా," అన్నాడు బుచ్చిరెడ్డి అరుగు మీద నుంచి. "నా లెక్కనే తిక్కది."

కాయిల్‌కు పోయే రెండు తీగలు అటూ ఇటూ మార్చాను. పిట్టలు తిన్నగా ఎగిరాయి. ఎత్తు సర్దాను, వెలుగు అవసరానికి మించి పెంచలేదు. ఎక్కువ వెలుగు పెట్టి చూపించి మెప్పు పొందే మెకానిక్ ట్యూబ్ ఆయుష్షు తింటున్నాడని తెలుసుకోండి. దేవదానం తుపాకి తీసి భార్యకు ఇచ్చాడు. సుందరమ్మ ఒక కన్ను మూసి కాల్చింది. పిట్ట పడింది. ఆమె ఇంకోసారి కాల్చలేదు. తుపాకిని గొలుసుకు తగిలించి, కొంగుతో మొహం తుడుచుకుంది.

మర్నాడు పొద్దున

శనివారం పెబ్బేరు సంతకు నేనూ పోయాను. మార్చిన ట్యూబ్ మొదటి రోజు ఎలా నడుస్తుందో చూడడం కూడా పనిలో భాగమే. ఎండ నేరుగా తెర మీద పడకుండా పెట్టెను తూర్పుకు వీపు పెట్టి నిలబెట్టించాను. బేరాల కేకలు, ఎడ్ల గంటల మధ్య జనం మెల్లగా చేరారు.

బుచ్చిరెడ్డి అన్న మాట ప్రకారం వచ్చాడు. తెల్ల ధోవతి, భుజాన తువ్వాల.

"ఇగో, ఇందుల ఉన్నది నా టీవీ!" అని అందరికీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. వరసలో నిలబడమన్నారు. నిలబడ్డాడు. ఆయన వంతు వచ్చింది. రెండు చేతులతో తుపాకి పట్టి, మొహం చిట్లించి, వరసగా కాల్చాడు. ఒక్క పిట్ట కూడా పడలేదు. సీసాలు కదలలేదు. వెనకాల పోరగాళ్లు ఈల వేశారు.

బుచ్చిరెడ్డి తుపాకిని ఇటూ అటూ తిప్పి చూసి, జనం వైపు తిరిగాడు. "నాదేం తప్పు లేదుర. ట్యూబ్ పోయింది!"

నా పని జీవితంలో ఆ మాట విన్నవాళ్లందరూ ఒక్కసారిగా నవ్వడం అదే మొదలు. ఆయన వెనకున్న చిన్న పిల్ల తుపాకి అందుకుని రెండు పిట్టలు పడగొట్టింది.

ఆ గోలలోనే సుందరమ్మ ఫోను మోగింది. మేస్త్రీ. రేపు బండి ఎన్ని గంటలకో చెప్పడానికి చేసి ఉంటాడు. ఆమె ఒక చెవి మూసుకుని, పెట్టె వెనక్కి పోకుండా అక్కడే నిలబడి, గట్టిగా చెప్పింది.

"లేదు మేస్త్రీ. ట్యూబ్ పోలేదు. నేను వస్తలేను."